రామాయంపేట దాకా ఛార్జింగ్

ఆ పొద్దున జయానందం వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మధ్యాహ్న భోజనంలోగా బ్యాటరీ నింపాలి. అంతే.

పోస్టుమాస్టరుగా పనిచేసినన్నాళ్లూ మెదక్ జనం మాటలు కౌంటరు వెనక కూర్చుని విన్న మనిషి ఆయన. రిటైరయ్యాక ఒక పాత మినీబస్సు కొని, లోపల మంచం, ఫ్రిజ్, ఏసీ, కరెంటు పొయ్యి పెట్టించి క్యారవాన్ చేయించాడు. ఇక భార్య బాలమణి, తాను, మనిషన్నవాడు కనిపించని ఏదో ఒక చెరువు గట్టు. బాలమణి మాత్రం ఎక్కనంది. పోరగా పోరగా షరతు పెట్టింది.

"ఇయ్యాల అన్నం తిన్నంక గా బండ్లనే పండుకుంట. చాయ్ యాళ్ల దాంక ఫ్యాను ఆగొద్దు. ఆగిందా, బండి మా తమ్మునికిచ్చెయ్. టిఫిన్ సెంటర్ పెట్టుకుంటడు."

"మాట మీద ఉంటవా?"

"నేనుంట. నీ బ్యాటరీ ఉంటదా?"

లోపలి సామాను నడిపే బ్యాటరీ రాత్రంతా ఇంటి కరెంటు తాగి కూడా సగానికి రాలేదు. మెకానిక్ సాల్మన్ రాజుకు ఫోన్ చేశాడు.

"చార్జర్ కాలింది సార్. కొత్తది తెప్పియ్యాలె. పరేషాన్ గాకుండ్రి, ఇంజిన్ నడిస్తే దానంతటదే ఎక్కుతది. రామాయంపేట దాంక పోయి రాండ్రి."

బయలుదేరాడు. మీటరు మెల్లగా పైకి కదిలింది. జయానందం ప్రాణం కూడా. ఊరు దాటుతుండగా బస్టాపులో రాజమణి చెయ్యెత్తింది. దవాఖానలో నర్సుగా చేసిన మనిషి, బాలమణికి స్నేహితురాలు. తెలిసిన మనిషిని ఎండలో నిలబెట్టి ముందుకు పోవడం ఆయన చేత కాలేదు. బ్రేకు పడింది.

"బస్సు రాలే సారూ. జర ఎక్కించుకోండ్రి."

ఆమె వెనకే పెరుగు దుర్గమ్మ. "నన్నిడిసిపెట్టి పోతరా? నా కొడుకు పంపిన మనియార్డర్లన్నీ మీ చేతుల మీద తీసుకున్నదాన్ని!"

దుర్గమ్మ వెనక ఆమెకు తెలిసినవాళ్లు. వాళ్ల వెనక వాళ్లకు తెలిసినవాళ్లు.

ఎక్కినవాళ్లు ఊరికే కూర్చోలేదు. రాజమణి ఏసీ వేసింది. దుర్గమ్మ పెరుగు కుండ ఫ్రిజ్‌లోకి తోసింది. ప్లగ్గు ఉన్న ప్రతిచోటా ఒక ఫోను వేలాడింది. ఎవరో పొయ్యి మీద చాయ్ పెట్టారు. పైన నల్లా సన్నగా కారుతుంటే కింద తూము తెరిచినట్టయింది. మీటరు దిగడం మొదలుపెట్టింది.

రామాయంపేటలో దిగి మళ్లీ ఫోన్ చేశాడు. జనం సంగతి చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"నడుస్తుంటె తగ్గుతుందా?" అన్నాడు సాల్మన్ రాజు. "అట్లెట్లైతది సార్? బెల్టు లూజైందేమో, బిగిపియ్యుండ్రి. ఇంకింత నడుపుండ్రి."

బెల్టు బిగిస్తుంటే బండి చుట్టూ జనం మూగారు. "రోజు గిదే టైముకొస్తదా?" అని ఒకాయన అడిగాడు. మెదక్ వచ్చేసరికి బండి కిటకిట. బ్యాటరీ ఇంకా కిందికి. మెకానిక్ ఇంకా నడపమన్నాడు కదా అని మళ్లీ తిప్పాడు. తిప్పినకొద్దీ తెలిసినవాళ్లు పెరిగారు. ఆఖరి విడత మెదక్ పొలిమేరలో ఏసీ ఆగిపోయింది.

"మొఖం గట్ల పెట్టిన్రేంది సారూ?" అంది పని చూసుకుని తిరిగొస్తున్న రాజమణి.

షరతు చెప్పాడు. ప్లగ్గుల్లోంచి ఫోన్లు ఒక్కొక్కటే ఊడాయి. బస్టాపులో ఎవరూ దిగలేదు.

ఇంటి ముందు బావమరిది ప్రభుదాసు టిఫిన్ సెంటరుకు బండి కొలుచుకోవడానికి టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాలమణి ఎక్కి స్విచ్చు వేసింది. ఫ్యాను కదల్లేదు.

"తప్పు మాది బాలమణీ," అంది రాజమణి.

జయానందం బాలమణికి బండి తాళంచెవి ఇవ్వబోయాడు. ఆమె అందుకోలేదు.

"గీళ్లందరు నీ బండ్ల ఎక్కిన్రా?"

"ఎక్కిన్రు. ఇంకెక్కించుకోను."

ఆమె మంచం అంచున కూర్చుంది. "నా భయం ఫ్యాను గురించనుకున్నవా? గా చెరువు గట్టు మీద నువ్వు, నేను. నువ్వా, పొద్దంత నోరిప్పవు. ఇంట్లనైతె గోడవతల మనుషులన్న ఉంటరు. ఆడ నేనెవలతోని మాట్లాడాలె?"

ఆఫీసు నుంచి వచ్చి మౌనంగా కూర్చోవడాన్ని ఆయన విశ్రాంతి అనుకున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషికి అది ఎలా ఉంటుందో ఏనాడూ అడగలేదు.

"తమ్మీ, టేపు జేబులేస్కో. బండి ఇచ్చేది లేదు," అంది బాలమణి. "రాజమణక్కా, కూసో. దుర్గమ్మా, పెరుగు మిగిలిందా? అన్నం నేన్ తెస్త. కిటికీలు తెరువుండ్రి, గాలొస్తది."

తనూ కూర్చుందామని జయానందం చూశాడు. మంచం నిండింది, సీట్లు నిండాయి. "సారూ, జర తలుపు దగ్గరికెయ్యుండ్రి, దుమ్మొస్తుంది," అంది దుర్గమ్మ.

దిగి, బయటి నుంచి వేశాడు. బండిలోంచి బాలమణి నవ్వు వినిపించింది. అంత పెద్దగా ఆమె నవ్వడం విని ఎన్నాళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు. ఇంట్లోకి వెళ్లి, నడిమింట్లో ఫ్యాను వేసుకుని పడుకున్నాడు.

బండి చేయించి మరీ కోరుకున్న ప్రశాంతత ఇంట్లోనే దొరికింది. పంచుకుందామనుకున్న మనిషి మాత్రం బండిలో ఉంది.