గంటకు డెబ్బై రెండు

శనివారం ఉదయం గోపీకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మిస్సిసాగాలో వాళ్ల టౌన్‌హౌస్ వెనక పార్కులో రాడార్ పెట్టి, కూతురు సాత్విక బేస్‌బాల్ ఎంత వేగంగా విసురుతుందో కోచ్‌కి అంకెల్లో చూపించాలి. పన్నెండేళ్ల సాత్వికకు పిచ్చర్ అవ్వాలని, అంటే బ్యాటర్‌కి బంతి విసిరే ప్లేయర్ అవ్వాలని కోరిక. కోచ్ డగ్ మాత్రం "నీ బంతిలో స్పీడ్ లేదు" అంటూ రెండు వారాలుగా బెంచీ మీదే కూర్చోబెడుతున్నాడు.

రాడార్ ఆఫీసు స్నేహితుడిది. బంతి చేయి వదిలిన క్షణం నుంచి ఎంత వేగంగా వెళ్లింది, ఎన్ని చుట్లు తిరిగింది, గాలిలో ఎటు వంగింది అన్నీ పట్టుకుని ట్యాబ్లెట్ మీద ఎర్రగీత గీస్తుంది. పక్కనున్న పెద్ద బోర్డు మీద మాత్రం ఉత్త వేగం అంకె.

సాత్విక బంతి విసిరింది. బోర్డు మీద 72 వెలిగింది.

చూడ్డానికి వచ్చిన డగ్ చేతిలో కాఫీ బూటు మీద ఒలికింది. కెనడాలో రోడ్డుకి కిలోమీటర్లు, బేస్‌బాల్‌కి మైళ్లు. పన్నెండేళ్ల పిల్ల గంటకు డెబ్బై రెండు మైళ్లు విసరడం అతను కలలో కూడా చూడలేదు.

"మళ్లీ వెయ్యమ్మా" అన్నాడు గోపీకృష్ణ.

71. తర్వాత 73.

డగ్ అప్పటికే ఫోన్లో ఉన్నాడు. "మార్గరెట్, సెలెక్షన్స్ అయిపోయాయని తెలుసు. అయినా వెంటనే రా." మార్గరెట్ అంటే ప్రాంతీయ జట్టు సెలెక్టర్.

జనం పోగయ్యారు. గోపీకృష్ణ ఆగలేకపోయాడు. "మా ఇంటి రక్తమే అంత" అని తనూ ఒకటి విసిరాడు. 88.

"మీ వయసెంత?" అన్నాడు డగ్ మెల్లగా.

"నలభై మూడు. ఇప్పుడే మొదలుపెట్టాను."

ఎవరో వీడియో తీస్తున్నారు. "డాడ్, ప్లీజ్ స్టాప్" అని సాత్విక మొత్తుకుంటున్నా పదిహేను బంతులు విసిరాడు. పదహారోదానికి భుజంలో టక్కుమంది.

అప్పుడే అతని అక్క వైదేహి టీ ఫ్లాస్కుతో వచ్చింది. పక్క వీధిలోనే ఉంటుంది. ఆమె బోర్డు వైపు చూస్తుండగానే 56 పడింది.

"ఎవరూ విసరకుండానే అంకె పడిందేమిట్రా?"

"రోడ్డు మీద కారక్కా. దాన్ని కూడా పట్టేసింది."

"ఈ వీధిలో లిమిట్ నలభై కిలోమీటర్లు. యాభై ఆరు మైళ్ల స్పీడులో ఎవరు పోతార్రా? అది కిలోమీటర్లే అయ్యుంటుంది."

గోపీకృష్ణ భుజం పట్టుకునే సెట్టింగులు తెరిచాడు. కిలోమీటర్లే. డెబ్బై రెండు కాస్తా నలభై అయిదు మైళ్లయింది. ఈలోగా ఆ కారు వచ్చి పార్కు ముందు ఆగింది. అందులోంచి హడావిడిగా దిగింది మార్గరెట్.

డగ్ ఆమెకి సంగతి చెబుతుంటే సాత్విక కళ్లలో నీళ్లు తిరిగాయి. వైదేహి పిల్ల చేతిలోంచి బంతి తీసుకుంది. ముప్పై ఏళ్ల కిందట ఆమె గుంటూరులో యూనివర్సిటీ క్రికెట్ జట్టుకి స్పిన్ బౌలర్.

"స్పీడ్ లేకపోతే ఏమైందే? బంతి నెమ్మదిగా వెళ్తే గాలికి దాన్ని వంచడానికి టైమ్ ఎక్కువ దొరుకుతుంది. కుట్టు మీద వేళ్లు పెట్టి, వదిలేటప్పుడు ఇలా ముందుకి తిప్పు."

డగ్ నవ్వుతూ బ్యాట్ పట్టుకున్నాడు. వైదేహి విసిరింది. బంతి అతని ఛాతీ ఎత్తున తేలుతూ వచ్చి, బ్యాట్ ఊపేసరికి మోకాలి కిందికి జారిపోయింది. ట్యాబ్లెట్ మీద ఎర్రగీత కొడవలిలా వంగింది.

"అత్తా, షో మీ అగైన్" అంది సాత్విక.

మూడు బంతులు నేలకి కొట్టాక, సాత్విక వేసిన నాలుగోది వంగింది. డగ్ బ్యాట్‌కి మళ్లీ గాలే తగిలింది. అయిదోదానికి పట్టు తప్పి కూర్చుండిపోయాడు. మార్గరెట్ ట్యాబ్లెట్ ముందు మోకాళ్ల మీద వాలి గీతలన్నీ రెండుసార్లు చూసింది.

"వేగం గురించి ఇంక మాట్లాడొద్దు. వచ్చేవారం ఈ అమ్మాయిని నా దగ్గరికి పంపండి" అని, వైదేహి వైపు తిరిగింది. "మీరూ రండి. మా పిల్లలకి ఇది నేర్పాలి."

ఇప్పుడు వైదేహి ప్రతి శనివారం క్లాసు తీసుకుంటోంది. గోపీకృష్ణ అందులో చేరతానన్నాడు గాని, ముందు ఆ భుజంతో చొక్కా తనంతట తానే తొడుక్కుని రమ్మంది అక్క.