వరండా కమ్మీ మీద మామగారి బూట్లు

ఆ పొద్దున వెలిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాబోయే మామగారు నిద్ర లేచేలోగా ఆయన బూట్లకు పంది కొవ్వు పట్టించి, తుడిచి, గుమ్మం దగ్గర పెట్టాలి. అంతే. లోకంలో కొంపలు మునిగే పనులన్నీ ఇలా 'అంతే' అనుకునే మొదలవుతాయి.

మామగారి పేరు జెలాస్కో. పిసినారితనానికి పేరుమోసిన గాబ్రోవో ఊళ్ళో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కుర్రతనంలో కోమ్ శిఖరం నుంచి ఎమినే దగ్గర సముద్రం దాకా, బాల్కన్ కొండల వెన్ను పొడవునా ఆ బూట్లతోనే నడిచారు. ఆ సంగతి వినని చెవి గాబ్రోవోలో లేదు. విని విసుగెత్తిన చెవులైతే బోలెడు. "మా జోర్నిత్సాని చేసుకుంటావా? అయితే నాతో సముద్రం దాకా నడువు. నేను అవే బూట్లేసుకుని వస్తా. దారిలో నీ సంగతేమిటో తేలుస్తా" అన్నారు. జోర్నిత్సా అంటే వెలిన్‌కు ప్రాణం. అందుకే ఆయన వెంట సగం దేశం దాటి ఈ కొండ సత్రం దాకా నడిచాడు.

బూట్లు సత్రం పొయ్యికి ఆనుకుని ఉన్నాయి. తడి బూటు పొయ్యి పక్కన పెడితే సోలు ఊడుతుందని కొండలెక్కేవాళ్ళ ఇళ్ళలో పసిపిల్లకైనా తెలుసు. 'పాపం, పెద్దాయనకు మతిమరుపు' అనుకుంటూ, రోజూ లాగే వాటిని అవతలికి తీశాడు. ఈసారి కాస్త గాలి కూడా తగలాలని వరండా చెక్క కమ్మీ మీద పెట్టి, కొవ్వు వెతకడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

ఆ కమ్మీకి ఒక కట్టుబాటుంది. కాలం తీరిన బూట్లను నడిచేవాళ్ళు దాని మీద వదిలి వెళతారు. సత్రం నడిపే గాన్కా పిన్ని వాటిలో మట్టి పోసి, జెరేనియం నాటి, మేకులు కొట్టి అక్కడే నిలబెడుతుంది. రాత్రి వానలో తల వంచుకుని వచ్చిన వెలిన్ ఆ పూలను చూడనే లేదు. కొవ్వు డబ్బాతో తిరిగొచ్చేసరికి మామగారి ఎడమ బూటులో ఎర్రటి పూలు నవ్వుతున్నాయి. కుడి బూటులో మట్టి పడుతోంది.

"అయ్యయ్యో పిన్నీ! ఎంత పని చేశావ్!"

"ఏం చేశానురా? పూలు పెట్టా. కమ్మీ ఎక్కినవి నావేనని కొండంతా తెలుసు. నాకూ అనుమానం వచ్చిందిలే, గాబ్రోవో మనిషి బూట్లు వదిలేయడమేమిటి, లోకం మారిపోతోందా అని!"

"ఆయన వదల్లేదు, నేను ఆరబెట్టా! పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా. బూట్లు జాగ్రత్త చేసుకోలేనివాడు పిల్లనేం చూసుకుంటాడని రోజుకోసారి అంటాడాయన. నా పెళ్ళి ఆ బూట్లోనే ఉంది!"

"పెళ్ళి లేదు, జెరేనియం ఉంది. పట్టి లాగు మరి."

వెలిన్ పట్టి లాగాడు. పైభాగం చేతికొచ్చింది. సోలు మాత్రం మేకులతో పాటు కమ్మీ మీదే ఉండిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

అప్పుడే మేడ మీద నుంచి గొంతు వినిపించింది. "ఏమోయ్ అబ్బాయ్! నా బూట్లేవీ?"

"కొవ్వు పట్టించా మామయ్యగారూ! కాస్త ఇంకనివ్వాలి!"

ఊలు చెప్పులు ఈడ్చుకుంటూ ఆయన దిగి వచ్చారు. ఆయనను బల్ల దగ్గర కూర్చోబెట్టి, గాన్కా పిన్ని నూనెలో వేయించిన వేడివేడి మెకిత్సా రొట్టెలు, రేగుపండ్ల జామ్ ముందు పెట్టింది. ఎన్ని పెట్టినా ఆయన వద్దనలేదు. ఈ లోపల వంటింట్లో వెలిన్ పైన్ బంకను గిన్నెలో కరిగిస్తూ, పీకి తెచ్చిన సోలును బూటుకు అతికించాలని చెమటలు కక్కుతున్నాడు. వేలికి వేలు అతుక్కుంది గానీ సోలు అతుక్కోలేదు. ఇంతలో చెప్పుల చప్పుడు దగ్గరైంది. గాన్కా పిన్ని ఒక్క ఉదుటున వచ్చి, బూటును గిన్నెలో పడేసి మూత పెట్టేసింది.

జెలాస్కో గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చారు. "ఏమిటమ్మా ఈ వాసన?"

"పొగబెట్టిన మాంసమండీ. మధ్యాహ్నానికి."

"ఆహా! మా అమ్మ చేసినట్టే ఉంది. నాకో పళ్ళెం పెట్టించు. తినే బయల్దేరతాం."

ఆయన గొంతు స్టేషన్ మాస్టరు గొంతు కదా, రెండు ప్లాట్‌ఫారాలు దాటి వినిపిస్తుంది. ప్లోవ్దివ్ నుంచి వచ్చిన టీచర్ల బృందం హాల్లోంచి, "మాకూ తలో పళ్ళెం!" అని కేకేసింది. వాళ్ళలో ఒకావిడ మిరియాలు కాస్త ఎక్కువ వేయమని కూడా చెప్పింది. సత్రంలో చూస్తే బీన్స్ తప్ప మరేమీ లేవు.

"పిన్నీ, ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు పారిపో. నేను మూర్ఛపోతా."

రెండూ జరగలేదు. ఆకలి ఆగని మామగారు పళ్ళెం పట్టుకుని తానే వంటింట్లోకి వచ్చి మూత తీశారు. గిన్నెలో ఆయన ఎడమ బూటు నాలుక బయటపెట్టి, బుడగలు వదులుతూ ఉడుకుతోంది.

వెలిన్‌కు ఏడుపొచ్చింది. "నేనే మామయ్యగారూ. కమ్మీ మీద నేనే పెట్టా, నేనే పీకా, అబద్ధాలూ నేనే ఆడా. పిన్ని తప్పేం లేదు. జోర్నిత్సాకి నేనే చెప్పుకుంటా."

జెలాస్కో వెనక్కి వెళ్ళి వంటింటి తలుపు గడియ పెట్టారు. తన్నులు తప్పవనుకుని వెలిన్ కళ్ళు మూసుకున్నాడు. ఆయన వచ్చి వాడిని గట్టిగా కౌగిలించుకున్నారు.

"చచ్చింది కదూ? నిజంగా చచ్చింది కదూ?"

"మామయ్యగారూ?"

"దరిద్రపు బూట్లురా నాయనా! వయసుతో పాటు పాదాలూ పెరుగుతాయని నాకేం తెలుసు? చూడు, గోళ్ళు రెండు ఊడాయి. ఊరంతా గొప్పలు చెప్పుకున్నాక మధ్యలో ఎలా ఆపను? అవే చస్తే బాగుణ్ణని రోజూ రాత్రి పొయ్యికి ఆనించి పెడుతున్నా. తెల్లారేసరికి ఏ దయ్యమో వాటిని దూరంగా జరుపుతోంది!"

ఆ దయ్యం నేల చూపులు చూసింది.

"నువ్వా?" అని ఆయన తల పట్టుకున్నారు. "మంచితనంతో మనిషిని చంపుతావురా నువ్వు! సరే విను. ఇప్పుడు బయటికెళ్ళి నిన్ను చెడామడా తిడతా. నువ్వు తలొంచుకో. బూట్లు పోయాయి కాబట్టి యాత్ర ఆగింది, అంతే. ఊళ్ళో ఎవరడిగినా తప్పు నీదే. ఒప్పుకుంటే పిల్ల నీది."

"ఒప్పుకుంటా! పెళ్ళయ్యాక కూడా ఒప్పుకుంటా!"

"పెళ్ళయ్యాక ఎలాగూ తప్పదు" అంది గాన్కా పిన్ని, బీన్స్ కడుగుతూ.

తిట్లు అద్భుతంగా సాగాయి. ప్లోవ్దివ్ టీచర్లు మాంసం సంగతి మరిచిపోయి, పెద్దాయనకు రాకియా సారా పోసి ఓదార్చారు. మామా అల్లుళ్ళు బస్సెక్కి ఇల్లు చేరారు. నెల తిరక్కుండానే నిశ్చితార్థం పెట్టుకున్నారు. అల్లుడి నిర్వాకం ఊరంతా పాకింది. వెలిన్ అడిగినచోటల్లా తలొంచాడు. జోర్నిత్సా మాత్రం తండ్రి కాలివేళ్ళు చూసి ఏమీ అడగలేదు.

నిశ్చితార్థం రోజున రైల్వే మిత్రులంతా కలిసి ఒక పెట్టె తెచ్చారు. యాత్ర మధ్యలో ఆగిపోయిన స్నేహితుడి దుఃఖం చూడలేక తలా కాస్త చందా వేసుకున్నారట. గాబ్రోవో చరిత్రలో అలా జరగడం అరుదు. మళ్ళీ కోమ్ నుంచి మొదలుపెట్టాలని, స్టేషన్ దాకా తామే సాగనంపుతామని కన్నీళ్ళతో చెప్పారు. పెట్టెలో కొత్త బూట్లున్నాయి. జెలాస్కో అందరి ఎదుటా కూర్చుని తొడుక్కుని చూశారు.

ఆయన ఖర్మ, అవి సరిగ్గా సరిపోయాయి.