తిమ్మయ్య అండ్ సన్స్ వెబ్‌సైటు భాగపరిష్కారం

కోయిలకుంట్లలోని తిమ్మయ్య అండ్ సన్స్ నాపబండల కంపెనీ వెబ్‌సైటును పెద్దమనుషుల సమక్షంలో, ఉభయుల సమ్మతితో, ఎవరికీ అన్యాయం జరగకుండా రెండు సమభాగాలుగా పంచడమైనది. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమంటే, ఇకమీదట ఆ వెబ్‌సైటులో ఎడమ సగం పెద్దకొడుకు ఓబుళేశుది, కుడి సగం చిన్నకొడుకు శివశంకర్‌ది. మధ్యలో గోడ ఉంది. గోడ ఉమ్మడి.

ఇంత చక్కటి పరిష్కారం ఊరికే దొరకలేదు.

తిమ్మయ్య పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలాలు, ఇండ్లు, లారీలు పంచుకున్నాక చివరికి ఫ్యాక్టరీ మిగిలింది. పెద్దమనిషి రామలింగప్ప ఆ చుట్టుపక్కల ఎన్ని కాపురాలు విడదీశాడో తనకే గుర్తులేనంత అనుభవశాలి. రాయి కోసే మిషన్లు పెద్దవాడికి, పాలిష్ పట్టే మిషన్లు చిన్నవాడికి వచ్చేలా, ఫ్యాక్టరీ మధ్యలో గోడ కట్టించి, ఆయన న్యాయం చేశాడు. అప్పటినుంచి ఓబుళేశు తాను కోసిన బండలను పాలిష్ కోసం బేతంచెర్లకు లారీలో పంపిస్తున్నాడు. గోడకు అవతల శివశంకర్, కోసిన బండలను అదే బేతంచెర్ల నుంచి తెప్పించుకుని పాలిష్ పడుతున్నాడు. రెండు లారీలూ దారిలో ఎదురుపడినప్పుడు డ్రైవర్లు హారన్ కొట్టి పలకరించుకుంటారు. యజమానులకు ఆ అలవాటు లేదు.

పంపకాలలో వెబ్‌సైటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తిమ్మయ్య హయాంలో ఎవరో కట్టిపెట్టి పోయిన సైటు అది. తెరవగానే పైన గులాబీపూలు రాలేవి, కింద ‘కొత్తది’ అనే మాట ఎర్రగా ఆరి వెలుగుతూ ఉండేది. ఆ మాట పక్కనున్న బండ ఫోటో తీసిన నాడు శివశంకర్‌కు ఇంకా పెళ్ళి కాలేదు. ఫోనులో చూస్తే అక్షరాలు చీమలబారులా కనిపించేవి. సంప్రదించవలసిన నంబరు ల్యాండ్‌లైనుది. ఆ లైను తిమ్మయ్య కంటే ముందే పోయింది.

ఇలా ఉండగా బెంగళూరు బిల్డర్ల కంపెనీలో ఇంజనీరుగా చేసే పవిత్ర అనే ఆమె అహోబిలం దర్శనానికి వచ్చి, దారిలో ఓ సత్రం వరండాలో పరచిన బండలు చూసి ముచ్చటపడి, వాటిని అమ్మినవాళ్ళ ఆరా తీస్తూ ఫ్యాక్టరీకి వచ్చింది. మీ వెబ్‌సైటు చూసి కంపెనీ ఎప్పుడో మూతపడిందనుకున్నామని ఆమె ఓబుళేశుతో నిజాయితీగా చెప్పింది. బెంగళూరు బయట తాము కట్టే ఇండ్ల కాలనీకంతా, వాకిళ్ళతో సహా, ఈ బండలే వేయాలని తన కోరిక. అయితే నిర్ణయించే పెద్దలు ఎవరూ ఇంతదూరం రారు, ఆఫీసులో కూర్చుని ఫోనులోనే చూస్తారు, అందుకని ఉగాది లోపు సైటు బాగుచేయించుకోండని చెప్పి, గోడ చుట్టి వెళ్ళి శివశంకర్‌కూ అవే మాటలు చెప్పిపోయింది. ఆర్డరు ఇద్దరిలో ఎవరు తీసుకున్నా ఆమెకు ఒకటే. ఆమె బయటి మనిషి కనుక అలా అనుకుంది.

ఓబుళేశుకు ఆ ఆర్డరు ప్రాణావసరం. నిగనిగలాడే టైల్స్ వచ్చాక నాపబండను అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పనివాళ్ళు ఒక్కొక్కరే తుమ్మలపల్లె గనుల దిక్కు పోతున్నారు. ఈ ఆర్డరు రాకపోతే ఎండాకాలానికి మిషన్లను పాత ఇనుము కింద అమ్ముకోవలసిందే. గోడకు అవతల పరిస్థితి కూడా అంతేనని అతనికి తెలుసు. ఆ ఒక్క విషయమే అతనికి కాస్త ధైర్యాన్నిచ్చేది.

కర్నూలు నుంచి హరినాథ్ అనే వెబ్‌సైట్ల కుర్రవాణ్ణి పిలిపించారు. సైటు ఉమ్మడిది కనుక ఇద్దరూ ఒప్పుకోవాలన్నాడు. రామలింగప్ప అధ్యక్షతన పంచాయితీ కూర్చుంది. హరినాథ్ మూడు మార్గాలు చెప్పాడు. అందరికీ అర్థం కావాలని ఇంటి భాషలో చెప్పడమే అతను చేసిన పొరపాటు. ఒకటి, సున్నం కొట్టడం: ఫోటోలు, నంబరు మార్చి ఊరుకోవడం. రెండు, పునాదులు ఉంచి గోడలు కొత్తగా లేపడం. మూడు, మొత్తం పడగొట్టి మళ్ళీ కట్టడం. ఇల్లు అనే మాట చెవిన పడగానే రామలింగప్ప సర్దుకుని కూర్చున్నాడు. అంతవరకు అర్థం కాని వెబ్‌సైటు ఆయనకు ఒక్కసారిగా అరచేతిలో ఉన్నట్టు అర్థమైంది.

“పడగొట్టే కట్టండి. పెద్దోనికి దక్షిణం, చిన్నోనికి ఉత్తరం. ఇల్లయినా, కల్లమయినా, ఈ కంప్యూటరయినా శాస్త్రం ఒకటే” అని సెలవిచ్చాడు.

కంప్యూటరులో ఉత్తరం ఎటు అన్న ప్రశ్న పుట్టింది. మ్యాపుల్లో ఉత్తరం పైన ఉంటుందని శివశంకర్ చదువుకున్నవాడు కాబట్టి గుర్తు చేశాడు. అంటే పై సగం తమ్ముడిది, కింది సగం అన్నది. ఓబుళేశుకు ముఖం ఎర్రబడింది.

“నా బండలు చూడాలంటే వాని బండలు దాటుకోని రావాల్నా?” అన్నాడు.

అతని బాధలో న్యాయముందని సభ గుర్తించి, అడ్డ గోడ రద్దు చేసి నిలువు గోడకు అనుమతించింది. పెద్దవాడికి పడమర, అంటే ఎడమ. చిన్నవాడికి తూర్పు, అంటే కుడి. మౌసు ఒకరి భాగంలోనుంచి ఒకరి భాగంలోకి తొక్కుకుంటూ పోకూడదని షరతు. అందరూ టీలు తాగి లేవబోతుండగా హరినాథ్ మెల్లగా ఒక మాట చెప్పాడు. ఫోను వెడల్పు చాలదు కనుక, ఫోనులో తెరిస్తే ఎడమది పైకి, కుడిది కిందికి సర్దుకుంటాయట. ఈసారి ముఖం ఎర్రబడడం శివశంకర్ వంతు. సభ మళ్ళీ కూర్చుంది. వాదోపవాదాలు విన్న మీదట రామలింగప్ప, సమస్య వెబ్‌సైటులో లేదని, ఫోనులో ఉందని తేల్చి, ఈ వెబ్‌సైటు ఫోనులో తెరుచుకోకుండా తలుపు వేయమని ఆదేశించాడు. ఫోనులోనే కదా అందరూ చూసేది అని హరినాథ్ అనబోయి, అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టకని మందలింపు తిని, కాగితం మీద రాసుకున్నాడు.

తిమ్మయ్య ఫోటోను వెబ్‌సైటు మధ్య గోడ మీద పెట్టారు. ఫోటోలో ఆయన కాస్త కుడికి, అంటే చిన్నకొడుకు వైపు చూస్తున్నాడు. అభ్యంతరం రాగా ఫోటోను తిప్పించారు. కండువా ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది. అంతసేపూ గడప దగ్గర కూర్చున్న తల్లి నాగలక్ష్మమ్మ, “ఈయన మా ఇంటాయన కాదు” అని లేచి లోపలికి పోయింది. ఆమె మాట సాక్ష్యంగా తీసుకుని సభ ఫోటోనే తొలగించింది.

ఇక మిగిలింది ఫోను నంబర్లు. ఎవరిది ముందు రాయాలి అన్నదగ్గర పంచాయితీ మరునాటికి వాయిదా పడింది.

ఆ సాయంత్రం ఓబుళేశు షెడ్డులో ఒక్కడే నిలబడ్డాడు. కోత మిషను ఆగిపోయి వారం దాటింది. దాని మీద పేరుకున్న రాతిపొడిని అరచేత్తో తుడిచాడు. గోడకు అవతల తమ్ముడు దగ్గుతున్నాడు. ఆ దుమ్ముకు ఇద్దరికీ ఒకటే దగ్గు. వాడి నంబరే ముందు ఉండనీ, ఫోను వస్తే చాలు, రాయి నేను కోస్తా, పాలిష్ వాడు పడతాడు, మునుపు జరిగినట్టే జరుగుతుంది అనుకున్నాడు. గోడ దాకా నడిచాడు. పేరు పెట్టి పిలవడానికి నోరు కూడా తెరిచాడు.

వెనకనుంచి భార్య తమ్ముడు వీరభద్ర వచ్చాడు. సంగతి విని, గొంతు తగ్గించి చెప్పాడు.

“బావా, నంబరు ఇచ్చేది శానా సులువు. రేప్పొద్దున టీ అంగడికాడ నువ్వు తగ్గినావంటారే, ఆ మాటకు యాడ మొగం పెట్టుకుంటావు?”

ఓబుళేశు నోరు మూసుకున్నాడు. అవతల దగ్గు, ఏదో పిలుపు కోసం చూసినట్టుగా ఆగి, మళ్ళీ మొదలైంది.

మరునాడు రామలింగప్ప తీర్పు చదివాడు. “మన సీమలో మాట ముఖ్యం, మర్యాద ముఖ్యం. యాపారం ఈ పొద్దు ఉంటాది, రేపు పోతాది. అన్న నంబరు ముందేస్తే తమ్మునికి కొరత. తమ్మునిది ముందేస్తే అన్నకు కొరత. కాబట్టి ఇద్దరివీ వద్దు. మీ నాయన పెట్టిన ల్యాండ్‌లైను నంబరు ఉండాది గదా, అది పంపకం కాని ఆస్తి. అదే ఉండనీ.” సభికులు చప్పట్లు కొట్టారు. ఆ లైను పనిచేయదని ఇద్దరు అన్నదమ్ములకూ తెలుసు. అంతకంటే సమానమైనది దొరకదని కూడా తెలుసు. ఆ సంవత్సరంలో ఇద్దరూ ఒకే మాట మీద తల ఊపడం అదే మొదలు.

కొత్త వెబ్‌సైటుకు ముహూర్తం పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, కంప్యూటరుకు పూలదండ వేసి ప్రారంభోత్సవం ఘనంగా చేశారు.

ఉగాది ముందు బెంగళూరులో పవిత్ర తన పెద్దల ముందు ఫోను తీసింది. తెర మీద ‘ఈ వెబ్‌సైటు ఫోనులో చూడరాదు. ఇట్లు, ఉభయులు’ అని వచ్చింది. అలాంటి కంపెనీ నిజంగానే ఉందని, తాను బండలు చేత్తో తాకి చూశానని ఆమె చెప్పింది. పెద్దలు నమ్మకం కుదరక టైల్స్ తీసుకున్నారు. ఆ మాట చెప్పడానికి ఆమె, ఫ్యాక్టరీకి వచ్చిననాడు రాసుకున్న నంబరుకు, ఓబుళేశుకు ఫోను చేసింది. అతను అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

“మా తమ్మునికి గాని ఇచ్చినారామ్మా?”

ఎవరికీ ఇవ్వలేదని ఆమె అంది. ఓబుళేశు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఆమె శివశంకర్‌కు చేసింది. అతను కూడా ఒక్కటే ప్రశ్న అడిగాడు. ఆ రోజు రెండు ఇండ్లలోనూ అన్నం సయించింది.

ఎండాకాలంలో పాత ఇనుము వ్యాపారి ఒకే లారీ తెచ్చాడు. ముందు కోత మిషన్లు ఎక్కించి, మిగిలిన జాగాలో పాలిష్ మిషన్లు పెట్టి, రెంటినీ ఒకే తాడుతో కట్టాడు. రోడ్డు పక్కన నిలబడి చూసిన ఊరివాళ్ళు, రామలింగప్ప తీర్పంటే తీర్పు, వెంట్రుకవాసి తేడా లేకుండా ఇద్దరూ సమానంగా పోయారని మెచ్చుకున్నారు. వెనుక నిలబడిన ఓబుళేశు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాతిదుమ్మని అందరికీ చెప్పాడు.

హరినాథ్‌కు ఇప్పుడు ఊపిరి సలపడం లేదు. ఆళ్ళగడ్డ నుంచి, జమ్మలమడుగు నుంచి, ప్రొద్దుటూరు నుంచి ఫోన్లు వస్తున్నాయి. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, కాలేజీలు నడిపేవాళ్ళు, అంతా లోకం తెలిసినవాళ్ళే. తమ సరుకు నలుగురికీ కనపడేలా చేయమని ఎవరూ అడగడం లేదు. అవతలివాడిది కనపడకుండా చేయగలవా అని మాత్రం అడుగుతున్నారు. అందుకోసం తమది కనపడకపోయినా పర్వాలేదంటున్నారు. అతని నంబరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇస్తే ముందుగా ఎవరు ఫోను చేస్తారో చదువుతున్న మీకు తెలుసు, మీ అన్నకో తమ్ముడికో ఇంకా బాగా తెలుసు.