పిల్లలకు మొలిచిన కొమ్ము

ఆ ఉదయం నర్సమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మాస్టారు పేపరు చదవడం ముగించేలోపు కాఫీ తాగేసి, పెరటి గట్టు మీద కూర్చుని, విదేశానికి ఒక దరఖాస్తు పంపించెయ్యాలి. తొందరేమీ లేదు. మాస్టారు పేపరు చదవడమంటే ఎర్ర పెన్ను పట్టుకుని అచ్చుతప్పులన్నీ దిద్దడం. తెలుగు పంతులుగా రిటైరయ్యారే గాని, దిద్దడం నుంచి ఆయన రిటైరు కాలేదు. పెళ్ళైన కొత్తలో నర్సమ్మ ఆశగా రాసిన ప్రేమలేఖకు మార్కులు వేసి తిరిగిచ్చిన మహానుభావుడు.

నర్సమ్మ ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసింది. వీధిలో సగం మంది ఆవిడ చేతుల్లోనే తొలి ఏడుపు ఏడ్చారు. మీసాలు మెలేసే మగవాళ్ళు కూడా ఆవిడ ముందు నోరెత్తరు, మొదటి దెబ్బ ఎవరు వేశారో తెలుసు కనుక. ఉద్యోగం అయిపోయాక పసివాళ్ళ ఏడుపు వినపడక ఆవిడకు ఇల్లు బోసిపోయింది. ఒక్కసారి, ఒక్కతే, పరాయి దేశం వెళ్ళి రెండు వారాలు పిల్లలకు సేవ చేసి రావాలని కోరిక పుట్టింది. తీరా వాకబు చేస్తే, అలాంటి సేవకు వాళ్ళు అడిగే రుసుము వింటేనే కళ్ళు తిరిగాయి.

"సేవ చేసేది మనం, ఎదురు కట్టేదీ మనమేనా? ఇదెక్కడి చోద్యం!" అని నర్సమ్మ ఎన్నో సంస్థలను తిట్టిపోసి, చివరికి ఒకదాన్ని పట్టింది. గదీ భోజనమూ వాళ్ళవి, ఒళ్ళు వంచి పనిచేయడం మనది. ఒకే ప్రహరీలో ఒకవైపు దిక్కులేని పిల్లల ఇల్లు, మరోవైపు దిక్కులేని జంతువుల ఇల్లు. విమానం టిక్కెట్టు తప్ప ఖర్చు లేదు.

"ఇలా తే, నేను రాసిస్తాను," అన్నారు మాస్టారు, పేపరు లోంచి తల ఎత్తకుండానే. "నువ్వు రాస్తే అక్షరానికో తప్పు. పరాయి దేశంలో మన పరువు పోతుంది."

"నా పరువు నేను చూసుకుంటాను. మీరు పేపరు చూసుకోండి."

పెరట్లోకి వెళ్ళి ఆవిడ ఫోనుతో మాట్లాడింది. మాట్లాడింది మాట్లాడినట్టు రాసుకుని, ఆ దేశపు భాషలోకి మార్చి పంపే ఫోను అది. ఒకసారి చదివి చూద్దామంటే కళ్ళజోడు లోపల ఉంది. లోపలికి వెళితే మాస్టారు ఉన్నారు. "పోనిద్దూ, నా మాటల్లో తప్పేముంటుంది?" అనుకుని మీట నొక్కేసింది.

మర్నాడే జవాబొచ్చింది. 'వెంటనే రండి. మీకోసం ఎదురుచూస్తున్నాం.' నర్సమ్మ ఆ వారమంతా వీధిలో తల ఎత్తుకుని నడిచింది. పక్కింటి టైలరమ్మ తన దగ్గరున్న ముక్కలన్నీ కలిపి చిన్న చిన్న ఫ్రాకులు కుట్టి పెట్టె నింపింది. "మా ఆవిడ పిల్లల సేవకు వెళుతోంది" అని కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకున్న మాస్టారు, భార్యతో మాత్రం, "అక్కడైనా తప్పుల్లేకుండా మాట్లాడు," అన్నారు.

అక్కడ దిగేసరికి సంస్థ వాళ్ళంతా వాకిట్లో వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. నిర్వాహకురాలు ఆవిడ చేయి పట్టుకుని తిన్నగా ఎడమవైపు ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపు తీసింది. అలమరాల మీద పిల్లులు. కిటికీల్లో పిల్లులు. ఆవిడకు వేసిన మంచం మీద కూడా రెండు పిల్లులు. ఉద్యోగకాలమంతా వార్డులోకి పిల్లి రాకుండా చీపురు పట్టుకుని కాపలా కాసిన మనిషి నర్సమ్మ.

"పిల్లలేరీ?" అంది గుమ్మంలోనే ఆగిపోయి.

నిర్వాహకురాలు తన ఫోను తీసి, నర్సమ్మ దరఖాస్తునే మళ్ళీ తెలుగులో వినిపించింది. 'పిల్లులంటే నాకు ప్రాణం. వేలాది పిల్లుల్ని నా చేతులతో ఈ లోకంలోకి తెచ్చాను. ఎంత కష్టమైన కాన్పైనా నన్నే పిలిచేవారు.'

అదీ సంగతి. ఫోను పిల్లలకు ఒక కొమ్ము ఎక్కువ తగిలించింది. లబోదిబోమని నర్సమ్మ విషయం చెప్పబోయింది గానీ, నిర్వాహకురాలు చెప్పనిస్తేనా? పిల్లల ఇంటికి వచ్చేవాళ్ళు కోకొల్లలట, అక్కడ చోటే లేదట. పిల్లుల కోసం సముద్రం దాటి వచ్చింది ఈవిడొక్కతేనట. "దీన్ని చూడండి," అని ఒక మూల గంపలో పడుకున్న ముసలి చూడిపిల్లిని చూపించింది. "దీనికి ఇదివరకు రెండుసార్లు పిల్లలు దక్కలేదు. ఈసారి మీరున్నారని ధైర్యంగా ఉంది."

ఇంటికి నిజం చెబితే? మాస్టారు ఈ కొమ్ము కథ మనవల మనవలకు కూడా పాఠంగా చెబుతారు. 'నేను రాసిస్తానన్నాను, వింటేనా!' అన్న మాట ఇక ఈ జన్మకు వదలదు. ప్రాణం పోయినా చెప్పకూడదనుకుంది నర్సమ్మ.

సాయంత్రం ఫోను మోగింది.

"పిల్లలెలా ఉన్నారు?" అన్నారు మాస్టారు.

"బాగున్నా... రు," అంది నర్సమ్మ. ప్రతి పిల్లికీ వెతికి వెతికి 'రు' తగిలించాల్సి వస్తోంది. "ఒకటే అల్లరి. ఇందాక ఒకడు బీరువా మీంచి నా నెత్తి మీదికి దూకాడు."

"భోజనం సరిగ్గా చేస్తున్నారా?"

"పళ్ళెంలో పాలు పోస్తే నాకేశారు."

"నాకేశారా?"

"అదే, తాగేశాయి."

"తాగేశాయి ఏమిటే! తాగేశారు అనాలి."

టైలరమ్మ ఫోను లాక్కుంది. "అక్కా, ఫ్రాకులు సరిపోయాయా?"

"సరిపోయాయే. తోక దగ్గరే కాస్త..."

"తోకేంటక్కా?"

"వెనకాల తోకలా వేలాడుతుందే నాడా, అది!" అని చెమట తుడుచుకుంది. మాట మార్చబోయి ఇంకా లోతుకి దిగింది. "కొత్తగా వచ్చినవాళ్ళు కరుస్తారు. అలవాటయ్యేదాకా బోనులో పెడతారు. అంతకుమించి ఇబ్బందేం లేదు."

ఆ మాటతో వీధి వీధంతా మాస్టారింట్లో సమావేశమైందని టైలరమ్మ తరవాత చెప్పింది. "మా ఆవిడకు వ్యాకరణం రాకపోవచ్చు," అన్నారట మాస్టారు. "కానీ పసివాళ్ళను 'అవి' అనే మనిషి కాదు. అక్కడ పిల్లల్ని పశువుల్లా చూస్తున్నారు. చూసి చూసి దానికీ ఆ మాటే అలవాటైంది." ఎదురింటి వకీలు అప్పటికప్పుడు నిప్పులు కక్కుతూ సంస్థకు నోటీసు పంపాడు.

పాపం ఆ నిర్వాహకురాలు నోటీసు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. 'బోనుల్లో పసివాళ్ళను బంధించి, పళ్ళేల్లో పాలు నాకిస్తున్న మీ మీద చర్య తీసుకోబడును' అని ఫోను గంభీరంగా చదువుతుంటే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవతలి ఇంట్లో పిల్లల్ని కన్నబిడ్డల్లా సాకుతున్న మనిషి. ఈ మాట పైవాళ్ళ దాకా వెళితే రెండిళ్ళూ మూతపడతాయి. తన పరువు కోసం ఇంకొకరి పరువు తీయడం నర్సమ్మ వల్ల కాలేదు. ఇంటికి వీడియో కాల్ చేసింది.

తెర నిండా జనం. మధ్యలో మాస్టారు, పక్కన నల్లకోటు తొడుక్కుని మరీ వకీలు. "ఏవండీ, మీరంతా ఒక్క మాట వినండి..." అని నర్సమ్మ మొదలుపెట్టిందో లేదో, మూల గంపలోంచి ముసలిపిల్లి గావుకేక పెట్టింది.

నర్సమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ కేక ఆవిడకు తెలుసు. ఎవరు పెట్టినా ఒకటే కేక అది. ఫోను నిర్వాహకురాలి చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని గంప పక్కన కూలబడింది.

"అదేమిటే! అది పిల్లి కదూ?" అన్నారు మాస్టారు.

"పిల్లే. ఇక్కడున్నవన్నీ పిల్లులే. దరఖాస్తులో ఒక కొమ్ము ఎక్కువైంది. తిట్టేదేదో తరవాత తిడుదురుగాని, ఇప్పుడు నోరు మూసుకోండి."

ఆ వీధి చరిత్రలో మాస్టారిని నోరు మూసుకోమన్నవాళ్ళు లేరు. ఆయన మూసుకున్నారు.

ఒకటి వచ్చింది. రెండోది అడ్డం తిరిగితే వేలితో సవరించి తీసింది. పొరలు చీల్చి, ముక్కూ మూతీ తుడిచి, ఒక్కొక్కదాన్ని తల్లి పొట్టకు చేర్చింది. నాలుగూ కదిలాయి. అయిదోది కదల్లేదు. అరచేతిలో చల్లగా, మెత్తగా పడి ఉంది. టైలరమ్మ కుట్టిన ఫ్రాకొకటి లాగి దాన్ని చుట్టి, వీపు మీద రుద్దడం మొదలుపెట్టింది నర్సమ్మ. పిల్లులంటే తనకు పడదన్న సంగతే ఆవిడకు గుర్తు లేదు.

"ఏడువు నాన్నా, ఏడువు. నీకేం భయం లేదు, నర్సమ్మనిరా. ఊఁ... ఏడ్చేయ్!"

ఆ మాటలు వింటూ పుట్టినవాళ్ళే సగం మంది అవతల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. రుద్దగా రుద్దగా ఆ బుల్లి నోరు తెరుచుకుంది. గొంతులోంచి దారమంత సన్నగా ఒక కూత వచ్చింది. నిర్వాహకురాలు ఫోను ఊగిపోయేలా ఏడ్చేసింది. అవతల వకీలు కోటు అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మొత్తం ఎన్ని పుట్టాయక్కా?" అంది టైలరమ్మ ముక్కు చీదుతూ.

నర్సమ్మ జవాబు చెప్పేలోపే మాస్టారు అందుకున్నారు. "ఎన్ని ఏమిటమ్మా? ఎంతమంది అని అడగాలి. అయిదుగురు. మా ఆవిడ చేతుల మీద అయిదుగురు పిల్లలు పుట్టారు."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నోట తప్పు దొర్లడం ఆవిడ వినలేదు. అది తెలిసి మాట్లాడిన తప్పని ఆ గొంతే చెబుతోంది. నర్సమ్మకు గర్వంతో గుండె నిండిపోయింది. నోటీసు వెనక్కి తీసుకుంటున్నానని వకీలు అక్కడికక్కడే నిలబడి ప్రకటించాడు.

ఆవిడ తిరిగొచ్చాక మాస్టారు చుట్టపక్కాలందరినీ కూర్చోబెట్టి ఈ కథ చెప్పడం మొదలుపెట్టారు. "పిల్లల దగ్గరికి ఎవరైనా వెళతారు. దిక్కూమొక్కూ లేని పిల్లుల దగ్గరికి వెళ్ళడం మా ఆవిడకే చెల్లింది. అందుకే దరఖాస్తులో ఆ కొమ్ము నేనే దగ్గరుండి పెట్టించాను," అంటారు. అందులో ఒక్క ముక్క నిజం లేదు గానీ, వ్యాకరణ దోషం మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.