కరిచే షూస్, కాదనే మర్యాద

ఆ బుధవారం ఉదయం బ్రిట్టా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కొత్త షూస్ వేసుకుని షాపుకి వెళ్లాలి, సాయంత్రం దాకా ఎక్కడా కూర్చోకూడదు, మేనేజరై ఇంటికి రావాలి.

మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ అనే ఊళ్లో, కొండవాలు మీద ఓరిన్ గారి ఫర్నిచర్ షాపు ఉంది. బ్రిట్టా పెళ్లికి ముందునుంచీ అందులో సోఫాలు అమ్ముతోంది. పాత మేనేజరు పొద్దస్తమానం తన గదిలో కూర్చుని, అమ్మాల్సిన పడక్కుర్చీల్లో మంచిదాన్ని తానే అరగదీసి, పోయిన నెల రిటైరయ్యాడు. "ఈసారి నాకు నడిచే మేనేజరు కావాలి," అన్నారు ఓరిన్ గారు. బుధవారం మధ్యాహ్నం వచ్చి, బ్రిట్టాతో షాపంతా ఒకసారి తిరిగి చూసి, సాయంత్రం అందరి ముందూ పేరు చెబుతానన్నారు. ఆ పదవి తనకే రావాలని బ్రిట్టాకి ఎంత ఆశ ఉందంటే, ఆ మాట పైకి అనడానికి కూడా భయపడింది.

ఆశ ఎక్కువైనప్పుడే మనిషికి అద్దం చూసుకోవాలని బుద్ధి పుడుతుంది. ముందురోజు షాపులో అద్దాల బీరువా ముందు నిలబడి చూసుకుంటే పైన కోటు దొరసానిలా ఉంది, కింద రబ్బరు అడుగుల లావుపాటి షూస్ మాత్రం ఆస్పత్రి ఆయాలా ఉన్నాయి. వెంటనే వెళ్లి ఎర్రటి, సన్నటి, ముక్కు కోసుగా ఉన్న షూస్ కొనుక్కుంది. మడమ ఎత్తు లేదు కాబట్టి హాయిగా ఉంటాయనుకుంది. మడమ ఎత్తే కాదు, అసలు అడుగే లేదన్న సంగతి గమనించలేదు. రేపు మనసు మారుతుందేమోనని పాతవాటిని తీసుకెళ్లి చర్చి దగ్గర విరాళాల పెట్టెలో వేసేసింది.

"నడవడానికేనా అవి?" అని అడిగాడు మొగుడు కర్ట్, కాఫీ తాగుతూ.

"నీకెందుకు? నువ్వు సాయంత్రం కేకు తేవడం మర్చిపోకు," అంది బ్రిట్టా.

షాపులో అడుగుపెట్టగానే క్యాష్ కౌంటరు వెనకనుంచి లోయిస్ చూసింది. లోయిస్ అరవై దాటిన మనిషి, షాపులో జరిగేవి, జరగనివి రెండూ ఆమెకి ముందే తెలుస్తాయి. ఎర్ర షూస్ వైపు కాసేపు చూసి, "ఇవి... కాస్త వేరుగా ఉన్నాయే," అంది.

బయటివాళ్లకి ఇది మామూలు మాటే. మా మిన్నెసోటాలో ఇంతకంటే ఘోరంగా ఎవరినీ తిట్టరు. బ్రిట్టా మొహం షూస్ రంగుకి తిరిగింది. ఏం జరిగినా సరే, ఈ షూస్ వల్ల నొప్పి అని మాత్రం లోయిస్ ముందు ఒప్పుకోకూడదని ఆ క్షణమే ఒట్టు పెట్టుకుంది.

పది గంటలకల్లా ఆ ఒట్టుకి పరీక్ష మొదలైంది. ముందు చిటికెన వేళ్లు మండాయి. తర్వాత మడమ వెనక చర్మం లేచింది. షాపు నేలంతా సిమెంటు, షూస్ అడుగు అప్పడమంత. వేసిన ప్రతి అడుగూ అరికాలి వంపులోంచి పిక్కల దాకా సూదిలా దిగుతోంది. బ్రిట్టా సోఫాల వీపులు పట్టుకుని, వాటి నాణ్యత చూస్తున్నట్టు నటిస్తూ, ఒక్కొక్కదాని మీదుగా కుంటుకుంటూ నడిచింది.

"కాలికేమైనా అయిందా తల్లీ?" అంది లోయిస్.

"అబ్బే, ఏం లేదండీ."

"నిజంగా ఏం లేదా?"

"ఏం లేదు. బాగానే ఉన్నాను."

ఇక్కడ మా వైపు మర్యాద గురించి ఒక ముక్క చెప్పాలి. మా దగ్గర మొదటి రెండుసార్లు కాదన్నది లెక్కలోకి రాదు. కాఫీ కావాలా అంటే వద్దంటాం, తాగవచ్చు కదా అంటే ఎందుకులెండి అంటాం, మూడోసారి అడిగితే అప్పుడు గ్లాసుడు తాగుతాం. అసలు మాట ఎప్పుడూ మూడోదే. లోయిస్ మూడోసారి అడిగి ఉంటే బ్రిట్టా మళ్లీ "ఏం లేదు" అనేది, మూడోమాట కాబట్టి లోయిస్ నమ్మేది, అంతటితో అయిపోయేది. కానీ మూడోసారి అడిగితే నిజం చెప్పక తప్పదు, షాపు మధ్యలో ఆ పిల్లని ఏడిపించడం దేనికని లోయిస్ జాలిపడి ఊరుకుంది. ఆ జాలే కొంప ముంచింది.

లోయిస్ తిన్నగా పరుపుల విభాగంలో ఉన్న కైల్ దగ్గరికి వెళ్లింది. కైల్‌కి కూడా మేనేజరు పదవి మీద కన్నుంది, కానీ మంచివాడు. మంచివాడు కావడం వల్లే ఇన్నాళ్లూ పరుపుల దగ్గరే ఉండిపోయాడు.

"బ్రిట్టాకి కాలు బాగాలేదు," అంది లోయిస్ గుసగుసగా.

"ఏమైందట?"

"ఏం లేదంది."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

కైల్ మెల్లగా పక్కనున్న పరుపు మీద కూర్చున్నాడు. "అయితే పెద్దదే. మా మావయ్యకీ కాలితోనే మొదలైంది."

"తర్వాత?"

"తర్వాతేముంది." ఇద్దరూ కాసేపు ఆ మావయ్య కోసం తలలు దించుకున్నారు.

మధ్యాహ్నానికి షాపు వెనక గదిలో మూడు హాట్‌డిష్‌లు వెలిశాయి. బంగాళాదుంపలూ కైమా మాంసమూ పెద్ద పళ్లెంలో పేర్చి ఓవెన్‌లో కాల్చే ఈ వంటకం మా ఊళ్లో ఊరికే నడిచి రాదు. ఎవరైనా పోయినా, పోయేలా ఉన్నా వస్తుంది. ఒకటి లోయిస్ ఇంటికెళ్లి తెచ్చింది, ఒకటి కైల్ పెళ్లాం పంపింది, మూడోది పక్క పూలకొట్టువాళ్లు పెట్టి వెళ్లారు. ఓరిన్ గారు వస్తున్నందుకే ఈ మర్యాదలన్నీ అనుకుంది బ్రిట్టా.

"తిను తల్లీ, బలం ఉండాలి. ముందుముందు నీకు చాలా ఓపిక కావాలి," అంది లోయిస్, కళ్లు తుడుచుకుంటూ.

మేనేజరు పని అంత కష్టమా అనుకుని, బ్రిట్టా నిలబడే రెండుసార్లు వడ్డించుకుంది.

తిరిగి వచ్చేసరికి షాపు మధ్య దారిలో ప్రతి నాలుగడుగులకీ ఒక కుర్చీ వేసి ఉంది. కైల్ చెమటలు కక్కుతూ ఇంకొకటి లాక్కొస్తున్నాడు.

"ఇవన్నీ దేనికి?"

"ఊరికే," అన్నాడు కైల్, ఆమె వంక చూడలేక. "ఎవరైనా అలిసిపోతే కూర్చుంటారని."

బ్రిట్టా ఆ కుర్చీల వరస చివరిదాకా చూసింది. నడిచే మేనేజరు కావాలన్న మనిషి వస్తుంటే దారి పొడుగునా కుర్చీలా? తనని కూర్చోబెట్టి ఓడిద్దామనా? ఇన్నేళ్లు కలిసి పనిచేసిన మనిషి ఇంత పని చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఒక్కో కుర్చీనీ పక్కకి నెట్టుకుంటూ వెళ్లింది. ఆమె వెనకే కైల్ ఒక్కోదాన్నీ మళ్లీ మధ్యకి జరుపుకుంటూ వచ్చాడు. ఇద్దరూ నవ్వు మొహాలతోనే ఉన్నారు.

ఓరిన్ గారు రాగానే లోయిస్ తలుపు దగ్గరే పట్టుకుని చెవిలో ఏదో ఊదింది. ఎనభై ఏళ్ల ఆ పెద్దమనిషి మొహం వాడిపోయింది. కానీ ఎదుటి మనిషి జబ్బు గురించి నేరుగా అడగడం ఆయన పుట్టి పెరిగిన ఇంట్లో లేదు.

"కూర్చుని మాట్లాడుకుందామా బ్రిట్టా?" అన్నారు.

పరీక్ష మొదలైందనుకుంది బ్రిట్టా. "అబ్బే, నడుద్దామండీ."

"కాసేపు కూర్చోవచ్చు కదా."

"ఎందుకులెండి. నాకు నడవడమే ఇష్టం."

నడిచారు. భోజనాల బల్లల మధ్యనుంచి, బీరువాల ముందునుంచి, మంచాల పక్కనుంచి. బ్రిట్టా పళ్ల బిగువున నవ్వుతూ ధరలూ కర్ర రకాలూ చెబుతోంది. మడమ దగ్గర తడిగా తగులుతోంది, అది చెమట కాదని తెలుసు. ఓరిన్ గారు ఆమె చెప్పేది వినడం లేదు, ఆమె కాళ్ల వంకే చూస్తున్నారు. చూసే కొద్దీ ఆమె ఇంకా గట్టిగా అడుగులు వేసింది. బీరువాల వెనకనుంచి లోయిస్, కైల్ తలలు బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతున్నాయి. ఇంకొక్క వరస, ఇంకొక్క వరస అని మనసులో అనుకుంటూ షాపు చివరిదాకా వచ్చింది. అక్కడ ముసలివాళ్ల కోసం పెట్టిన కుర్చీ ఒకటుంది. మీట నొక్కితే కూర్చున్న మనిషిని అదే మెల్లగా లేపి నిలబెడుతుంది.

"పోనీ, ఇందులో ఒక్క నిమిషం కూర్చో అమ్మా," అన్నారు ఓరిన్ గారు.

అది మూడోసారి. మూడోసారి ఒప్పుకుంటే మర్యాదకి లోటు లేదు. అరికాళ్లు ఆమెని అడక్కుండానే ఒప్పేసుకున్నాయి. బ్రిట్టా కుర్చీలో కూలబడి, హమ్మయ్య అన్నట్టు కళ్లు మూసుకుంది. బీరువా వెనక లోయిస్ గట్టిగా నిట్టూర్చింది. మూడోసారి ఒప్పుకుంది కాబట్టి ఇక అనుమానం లేదు.

ఓరిన్ గారు టోపీ తీశారు. "ఒక్క మాట అడగనా? ఇంకా... ఎంతకాలం అనుకుంటున్నావు?"

పదవిలో ఎప్పుడు చేరతావని అడుగుతున్నారనుకుని బ్రిట్టా ప్రాణం లేచి వచ్చింది. "ఎంతకాలమో దేనికండీ, వచ్చే వారమైనా నేను సిద్ధమే."

"వచ్చే వారమే?"

"నాన్చడం నాకిష్టం లేదండీ. తొందరగా అయిపోతే అందరికీ మంచిదే కదా."

ఆయన టోపీని చేతుల్లో నలిపారు. "మీ ఆయనకి తెలుసా?"

"తెలియకేం? ఎప్పుడెప్పుడా అని ఉన్నాడు. సాయంత్రం కేకు కూడా తెస్తానన్నాడు."

ఓరిన్ గారు కర్ట్‌ని చిన్నప్పటినుంచీ ఎరుగుదురు. అలాంటివాడనుకోలేదు. "మరి ఇక్కడ నీ సామాన్లవీ?"

"రేపే సర్దేసుకుంటాను," అంది బ్రిట్టా. మేనేజరు గదిలో కిటికీ పక్కన ఏం పెట్టాలో కూడా అప్పుడే అనుకుంది. ఆయన మీట నొక్కారు. కుర్చీ ఆమెని మెల్లగా పైకెత్తి, ఎర్ర షూస్ మీద నిలబెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కళ్లలోనూ తిరిగాయి.

షాపు మూసే వేళకి అందరూ క్యాష్ కౌంటరు దగ్గర చేరారు. బ్రిట్టా ముందు వరసలో, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, మెళ్లో వేయబోయే దండ కోసం సిద్ధంగా ఉన్నట్టు నిలబడింది.

"బ్రిట్టాకి ఈ సమయంలో మనం భారం కాకూడదు," అన్నారు ఓరిన్ గారు, నేల చూస్తూ. "అందుకని కైల్, మేనేజరు పని నువ్వు చూసుకుంటావా?"

బ్రిట్టాకి మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్ల నొప్పి తెలియడం మానేసింది. ఇన్నేళ్ల చాకిరీ, పొద్దున్నుంచి పడ్డ నరకం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి.

"అబ్బే, నేనెందుకండీ," అన్నాడు కైల్, మర్యాద ప్రకారం.

"నువ్వైతే బాగుంటుందయ్యా."

"బ్రిట్టా ఉండగా నాకెందుకండీ," అన్నాడు కైల్, మర్యాద ప్రకారమే. తర్వాత మూడోసారి అడిగితే ఏమనాలో నోట్లో సిద్ధం చేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓరిన్ గారు నోరు తెరిచారు.

"ఆగండి," అంది బ్రిట్టా.

మా వైపు పెద్దవాళ్ల మాటకి అడ్డం రావడమంటే చర్చిలో విజిల్ వేయడమే. అందరూ బిగుసుకుపోయారు.

"నాకు భారమేమిటి?"

"చెప్పకపోయినా మాకు తెలుసు తల్లీ," అంది లోయిస్. "నీ జబ్బు సంగతి."

"నాకే జబ్బూ లేదు."

"లేదనే అంటావని తెలుసులే."

"నిజంగా లేదండీ."

అందరూ జాలిగా తలలు దించుకున్నారు. రెండుసార్లు లేదంది. పాపం, ఎంత బాధ పడుతోందో.

అప్పుడు బ్రిట్టా వంగి, రెండు షూస్ ఊడబెరికి, క్యాష్ కౌంటరు మీద ఠపీమని పెట్టింది. "షూస్ కరుస్తున్నాయి. పొద్దున్నుంచి కరుస్తున్నాయి. అంతే. ఇంకేం లేదు."

అది మూడోమాట. అందరూ కింద ఆమె పాదాల వంక చూశారు. చిటికెన వేళ్లు కందిపోయి ఉన్నాయి, మడమల మీద చర్మం లేదు. ఓరిన్ గారు ఒక షూ తీసుకుని రెండు వేళ్లతో మడిచారు. అది చేతిరుమాల్లా మడతపడింది.

"దీనికి అడుగేదీ?"

"లేదండీ."

"మరి వచ్చే వారం అన్నావు?"

"మేనేజరుగా చేరడానికి."

"కేకు?"

"అందుకే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా."

"లోయిస్ వీటిని చూసి 'వేరుగా ఉన్నాయి' అన్నారండీ," అంది బ్రిట్టా. అక్కడున్నవాళ్లంతా అర్థమైనట్టు తలలూపారు. అలాంటి మాట పడ్డాక ఎవరు మాత్రం నోరు విప్పుతారు? లోయిస్ చిల్లర నాణేలు సర్దడంలో మునిగిపోయింది.

ఓరిన్ గారు కర్ట్‌ని మనసులోనే క్షమించి, టోపీ మళ్లీ పెట్టుకున్నారు. "సరే. కైల్ ఎలాగూ వద్దన్నాడు," అన్నారు. కైల్ నోరు తెరిచాడు గాని, మూడోసారి అడక్కుండా మాట్లాడటం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. "మరి నువ్వు చేస్తావా బ్రిట్టా?"

ఇంకా మొదటిసారే. పద్ధతి ప్రకారం ఆమె నేనెందుకండీ అనాలి, ఆయన నువ్వే చేయాలనాలి, ఆమె ఇంకెవరినైనా చూడండి అనాలి. బ్రిట్టా తన కాళ్ల వంక చూసుకుంది. అంతసేపు నిలబడే ఓపిక వాటికి లేదు.

"చేస్తాను," అంది.

లోయిస్ గుండె మీద చేయి వేసుకుంది. కైల్ మెల్లగా వెళ్లి, దారి మధ్యలో తాను వేసిన కుర్చీల్లోనే ఒకదాంట్లో కూర్చున్నాడు. ఓరిన్ గారు మాత్రం బ్రిట్టా చేయి పట్టుకుని చాలాసేపు ఊపారు. బ్రిట్టా ఎర్ర షూస్ చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతో మేనేజరు గదిలోకి నడిచి, తలుపు వేసుకుని, ఎవరికీ వినపడకుండా ఆనందంతో ఏడ్చింది.

మర్నాటికి రెండు పాదాలూ వాచిపోయాయి, ఆ నడిచే మేనేజరు పదవిలో బ్రిట్టా చేసిన మొట్టమొదటి పని సెలవు పెట్టడం.