ముందుగా నిండిన సెల్లు

ఒక పెద్ద అడవిలో నీటిగుంట ఒక్కటే, దాని ఒడ్డున దీపమూ ఒక్కటే. సర్వే వాళ్లు పోతూ పోతూ వదిలేసిన సోలార్ దీపం. అది వెలిగినంతసేపూ చిరుతకి దాక్కునే చోటు దొరికేది కాదు. పిల్లల తల్లులు కడుపారా నీళ్లు తాగేవాళ్లు.

అడవి సభకి అధ్యక్షురాలు ఒంటినిండా పొలుసులున్న ఒక అలుగు. పేరు వీరమ్మ. ఎవరైనా గట్టిగా ప్రశ్న వేస్తే చాలు, తలా తోకా కలిపి బంతిలా చుట్టుకునేది. అందుకే అందరికీ నచ్చింది. ఆమె తోక మీద ఎప్పుడూ ఆమె పిల్ల స్వారీ చేస్తుండేది.

దీపం కింద పెట్టెలో నాలుగు లిథియం సెల్లులు వరసగా, వాటికి తీగలతో కలిపిన ఓ చిన్న పచ్చ పలక ఉండేవి. ఎలుగులు, దున్నలు, కొండముచ్చులు, నెమళ్లు తలా ఒక సెల్లు పంచుకున్నాయి. పంచుకోవడమంటే మరేం లేదు, మీద పేరు రాసుకోవడమే.

రోజూ మధ్యాహ్నానికల్లా నెమళ్ల సెల్లు నిండిపోయేది. మిగతావి నిండేసరికి పొద్దు వాలేది.

"చూశారా మా రక్తం!" అని పురి విప్పేవాడు నెమళ్ల నాయకుడు పింఛారావు. ఓ రోజు సభలోనే లేచాడు.

"ఆ పచ్చ పలక మా సెల్లు కరెంటు తాగేస్తోంది! ముట్టుకుని చూడండి, కాలిపోతోంది. అది మా వాళ్ల చెమట! వీళ్లంతా బద్ధకంగా నిండుతుంటే మేం కారిపోవాలా?"

వీరమ్మకి సంగతి తెలుసు. సర్వే వాళ్లు దీపం బిగిస్తున్నప్పుడు పక్క పుట్టలో చీమలు తింటూ అంతా విన్నది. నాలుగింటికీ ఒకటే ధార. చిన్న కడుపుది ముందు నిండుతుంది. ఇంకా పోస్తే పగులుతుంది. ఆ పలక దాని మిగులును వేడిగా వదిలేసి, మిగతావి నిండేదాకా దాన్ని కాస్తుంది.

"అది దోపిడీ కాదు నాయనా..." అని నోరు తెరిచింది.

"అంటే మా సెల్లు చిన్నదంటావా?" పింఛారావు మెడ సాచాడు. "వచ్చే నెల ఎన్నికలు. గుర్తుందా పెద్దమ్మా?"

వీరమ్మ బంతయిపోయింది.

"అధ్యక్షురాలి ఆమోదం!" అని అరిచి, కొండముచ్చు గుమాస్తా తనే వెళ్లి పలక పీకేశాడు.

మర్నాడు ఎండ బాగా కాసింది. నెమళ్ల సెల్లు నిండి, ఇంకా నిండి, బొజ్జ ఉబ్బింది.

"అభివృద్ధి!" అంటూ దానికి దండ వేశారు. పింఛారావు దాని ముందే ఆట అందుకున్నాడు.

బుస్సుమంది. ఢామ్మంది. పెట్టె మొత్తం అంటుకుంది. ఆ తర్వాత పింఛారావు పురి విప్పబోతే విప్పడానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం గుంట దగ్గర చీకటి. నీళ్లకి వంగిన వీరమ్మకి ఎదురుగా రెండు కళ్లు మెరిశాయి. గబుక్కున పిల్లని కడుపులో దాచుకుని చుట్టుకుంది. చిరుత కొరికింది, పొర్లించింది, పొలుసుల మీద పళ్లు అరగదీసుకుంది. చివరికి విసిగి బురదలోకి ఒక్క తన్ను తన్ని, "దీపం తీయించావు, నా ఓటు నీకే పెద్దమ్మా!" అంటూ పోయింది.

విచారణ సంఘం తేల్చింది: తప్పంతా పలకదే, ప్రమాదం వేళకి అది డ్యూటీలో లేదు. పేలిన సెల్లుకి విగ్రహం పెట్టాలి.

"అధ్యక్షురాలేమంటారు?"

వీరమ్మ చుట్టుకుంది. లోపల్నుంచి పిల్ల గొణిగింది. "అమ్మా, ఇక్కడ చిరుత లేదుగా?"

"ఎన్నికలున్నాయి. పడుకో."

నీతి: ముందుగా నిండినవాడికి దండ తప్పక వేయండి, కాకపోతే కాస్త దూరం నుంచి.