ఎదుగుదల సీసా

"ఈ రోజుతో గోదావరి జిల్లాల్లో అజ్ఞానం అంతరించిపోయింది!" అని మా కాలేజీ కరస్పాండెంటు కుక్కుటేశ్వరరావు గారు 1987 ఏప్రిల్ నెలాఖరున ప్రకటించారు. ఆ సంగతి అజ్ఞానానికి ఎవరూ చెప్పినట్టు లేదు. సాయంత్రం కూడా అది కాలేజీలోనే ఉంది. హెడ్డు క్లర్కుని కాబట్టి నాకు తెలుసు.

సంగతేంటంటే, మా జువాలజీ లెక్చరరు దేవకుమారి గారి పరిశోధన కోసం విదేశం నుంచి చిటికెన వేలంత సీసా ఒకటి వచ్చింది. అందులో ఉన్నది మనిషి ఎదుగుదలకు కారణమైన ప్రోటీను. అలాగని ఏ మనిషి ఒంట్లోంచో తీసింది కాదు. మనిషి జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి, దాని చేత తయారు చేయించారట! రెండేళ్ళు ఉత్తరాలు రాయగా రాయగా వచ్చింది. డిసెంబరులోగా ప్రయోగాలు కాకపోతే ఆవిడ డాక్టరేటు గోదాట్లో కలిసినట్టే. ఆ సీసాని ఊరందరికీ చూపించడానికి కరస్పాండెంటు గారు పెద్ద సభ తలపెట్టారు.

"మంచులోంచి బయటికి తీస్తే పాడైపోతుందండి," అన్నారు దేవకుమారి గారు.

"సభలో పెట్టకపోతే నా పరువు పాడైపోతుందమ్మా! ఎమ్మెల్యే గారొస్తున్నారు. పదకొండింటి నుంచి నాలుగింటిదాకా వేదిక మీద ఉండాల్సిందే." తర్వాత గొంతు తగ్గించారు. "ఇంతకీ ఇది ఎవరి తాలూకు? అదే... మనవాళ్ళేనా?"

"ఎవరి తాలూకూ కాదండి. బాక్టీరియా చేసిందండి."

"బాక్టీరియా శాకాహారమేనా?"

ఆవిడ క్లాసుకి టైమైందేమోనని గడియారం చూసుకున్నారు.

"పోనీ, ఇది పుచ్చుకుంటే ఎవరైనా పొడుగవుతారా?"

"మనుషులు వాడకూడదండి. పరిశోధనకి మాత్రమేనని చీటీ మీదే రాసుంది."

"అబ్బే, నాకెందుకమ్మా! విజ్ఞానం కోసం అడిగాను."

ఆయన ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. ఏ సభకెళ్ళినా మైకు వెనకాల ఎక్కి నిలబడడానికి ఒక చెక్కపీట ఉండాలి. దాన్ని మోసే భాగ్యం నాదే. ఆ పీటెక్కి ఆయన ఏడాదికి ఆరుసార్లు 'కులం లేని సమాజం' మీద ఉపన్యాసమిస్తారు. వింటే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి! అంత గొప్పాయన మొన్న క్రిస్మస్‌కి శుభాకాంక్షలు చెప్పడానికి దేవకుమారి గారింటికి స్వయంగా వెళ్ళారు. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారు గ్లాసుతో మంచినీళ్ళు తెస్తే, "ఇవాళ ఏకాదశమ్మా, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నారు. పక్కనే ఉన్న నేను ఇంటికొచ్చి క్యాలెండరు చూశాను. నవమి.

సభ రోజు రానే వచ్చింది. దేవకుమారి గారు ఫ్లాస్కులో సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. అక్కణ్ణుంచి ఆవిణ్ణి తాకనివ్వలేదు. "ఆడపిల్లకి శ్రమెందుకు?" అన్నారు కరస్పాండెంటు గారు. పురోహితుడు పసుపునీళ్ళు చిలకరించి, బొట్టు పెట్టి, సీసాని కలశం పక్కన కూర్చోబెట్టాడు. మాడు పగిలే ఎండ. ఐదు గంటల ఉపన్యాసాలు. రెండేళ్ళ ఆశ అలా కళ్ళెదుటే ఉడికిపోతోంది. ఆవిడ మాత్రం విసనకర్ర విసురుకుంటూ నిమ్మళంగా కూర్చున్నారు. పాపం, మనసు రాయి చేసుకున్నారనుకున్నాను.

సభయ్యాక సీసాని కరస్పాండెంటు గారు తన బీరువాలో పెట్టి తాళం వేశారు. మర్నాడు తీసి చూస్తే ఖాళీ!

వెంటనే విచారణ కమిటీ. అధ్యక్షులు, కుక్కుటేశ్వరరావు గారు. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది గనక ఆయన్ని అనుమానించే ప్రసక్తే లేదు. "సీసాని కనిపెట్టుకుని ఉండాల్సిన బాధ్యత నీది కాదూ? ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పు!" అంటూ దేవకుమారి గారికి మెమో ఇప్పించారు. రాసిన చెయ్యి నాదే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ మెమో చదివి మడత పెట్టారు.

"అసలుది భద్రంగా ఉందండి. వచ్చిన రోజునే మిషన్ ఆస్పత్రి ఫ్రీజరులో పెట్టించాను. సభకి తెచ్చింది వేరే సీసా అండి. చీటీ అంటించి నీళ్ళు పోశాను."

కమిటీ మొత్తం ఊపిరి పీల్చుకుంది. అధ్యక్షుల వారు మాత్రం కుర్చీలోంచి దిగ్గున లేచారు.

"నీళ్ళా! ఏ నీళ్ళు?"

"మా ఇంట్లో కుండలోవండి. మా అమ్మ ముంచి ఇచ్చింది."

ఆయన చెయ్యి గొంతు మీదికి పోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరింటివైతే ఏంటండి?" అన్నారు దేవకుమారి గారు, ఎంతో వినయంగా. "చూడ్డానికి పెట్టినవే గానీ తాగడానికి కాదు కదండీ!"

కమిటీ సభ్యులందరికీ ఒక్కసారే కిటికీలోంచి బయటికి చూడాలనిపించింది.

విచారణ ముగిసింది. సీసాలోది ఎండకు ఆవిరైపోయిందని మినిట్సులో రాయమన్నారు, రాశాను. మెమో చించేశారు. దేవకుమారి గారు ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆయనగారి ఎత్తు మాత్రం వీసమెత్తు పెరగలేదు. పీట ఇప్పటికీ నేనే మోస్తున్నాను.

మర్నాటి నుంచి మూడు రోజులు ఆయన తెల్లారకుండా గోదావరి స్నానాలు చేసి, కఠిన ఉపవాసాలున్నారు. ఏంటండీ ఇది అనడిగితే, "ఏకాదశయ్యా" అన్నారు నీరసంగా.

ఇంటికొచ్చి క్యాలెండరు చూశాను. విదియ, తదియ, చవితి.